ఫిక్స్‌డ్ రేటా, ప్రైస్ వేరియేషనా: ప్రభుత్వ కాంట్రాక్టులో ఏది మేలు?

టెండరు డాక్యుమెంటు చేతికి రాగానే కాంట్రాక్టర్లు ముందుగా వెతికేది ఒక్కటే: మధ్యలో రేట్లు పెరిగితే ఇస్తారా, ఇవ్వరా? డాక్యుమెంటు తయారుచేసే శాఖ ఇంజినీర్లు (ఏఈలు, డీఈలు) అడిగేదీ ఇదే: ఈ పనికి ప్రైస్ వేరియేషన్ క్లాజు (ప్రభుత్వం ప్రచురించే ధరల సూచీ మారినకొద్దీ చెల్లింపూ మారే షరతు) పెట్టాలా, ఫిక్స్‌డ్ రేటు సరిపోతుందా? పని గడువును బట్టి చూడమని చెప్పేసి ఊరుకుంటే జవాబు సగమే చెప్పినట్టు. గడువు లోపల జరిగే పనికి రెండు పద్ధతుల్లోనూ పెద్దగా పేచీ రాదు. గడువు దాటాకే వస్తుంది. ఆ కాలానికి ఏ సూచీ వర్తిస్తుందో మీ క్లాజులో ఉందా లేదా అన్నదే నా దృష్టిలో అసలు తూకం.

ముందు ఫిక్స్‌డ్ రేటు సంగతి. కేంద్ర శాఖలకు వర్తించే జీఎఫ్‌ఆర్ (సాధారణ ఆర్థిక నియమాలు) 2017లోని రూల్ 225 ప్రకారం, సరఫరా గడువు 18 నెలలు దాటే కాంట్రాక్టుల్లోనే ప్రైస్ వేరియేషన్ పెట్టాలి. తక్కువ గడువు వాటికి ధర స్థిరంగా ఉండాలి. రాష్ట్రాల్లో ఎవరి జీవోలు వారివి. ఆరు నెలల్లో ముగిసే భవన మరమ్మతుకో, ఫర్నిచర్ కొనుగోలుకో ఫిక్స్‌డ్ రేటే హాయి. బడ్జెట్ ముందే తేలిపోతుంది, బిల్లు తేలిగ్గా పాసవుతుంది, సూచీల పట్టికలు తిరగేసే పని ఉండదు.

చిక్కల్లా రెండేళ్ల పనిని కూడా ఇదే చట్రంలో ఇరికించినప్పుడు వస్తుంది. గడువు 17 నెలలని వేసి క్లాజు ఎగ్గొడితే శాఖకు మిగులుతుందని కొందరి లెక్క. భూమి అప్పగింతే ఐదు నెలలు ఆలస్యమయ్యే చోట ఆ 17 నెలలు కాగితం మీదే ఉంటాయి. ఎల్1 (అతి తక్కువ ధర వేసిన బిడ్డరు) కావడానికి పోటీపడి ఎస్టిమేట్ కంటే లెస్‌కు వేసిన కాంట్రాక్టర్ రేట్ల పెరుగుదలను తన రేటులో ముందే కలుపుకోలేడు. స్టీలు రేటు ఎక్కగానే పని మందగిస్తుంది, ఆ తర్వాత ఆగుతుంది. అప్పుడు కాంట్రాక్టు రద్దుచేసి, మిగిలిన పనికి కొత్త ఎస్టిమేట్ వేసి, కొత్త ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) రేట్లతో మళ్లీ టెండరు పిలవాలి. పెరిగిన ధర అక్కడ ఎలాగూ కట్టాల్సిందే, పైగా ఏడాది కాలం పోతుంది.

ఫిక్స్‌డ్ రేటుకు సంతకం చేసి, ధరలు పెరిగాక కోర్టు ఆదుకుంటుందనుకుంటే పొరపాటు. 1960లో అలోపీ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు ఇది తేల్చింది. సైన్యానికి నెయ్యి సేకరించి ఇచ్చే ఏజెంట్లు యుద్ధం వల్ల పరిస్థితులు మారాయని ఎక్కువ అడిగితే, ఒప్పుకున్న రేటుకే కట్టుబడాలంది. 2017 నాటి ఎనర్జీ వాచ్‌డాగ్ తీర్పులో ఇండోనేషియా బొగ్గు ధర పెరగడాన్ని ఫోర్స్ మెజ్యూర్‌గా (ఎవరి చేతిలోనూ లేని అవాంతరంగా) ఒప్పుకోలేదు. 2020లో ఆయిల్ ఇండియా డ్రిల్లింగ్ కాంట్రాక్టు కేసులో డీజిల్ ధర పెంపు ‘చట్టంలో మార్పు’ క్లాజు కిందకు వస్తుందన్న వాదన కూడా నిలబడలేదు. ఒక వెసులుబాటు ఉంది: ఆలస్యం శాఖ వల్లే జరిగితే, ఆ కాలానికి పెరిగిన ఖర్చును ఆర్బిట్రేటర్ (వివాదం తేల్చే మధ్యవర్తి) ఇవ్వవచ్చని పి.ఎం. పాల్ కేసులో 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అది ఆర్బిట్రేషన్ దాకా వెళ్లి, ఏళ్ల తరబడి తిరిగాక చేతికొచ్చే డబ్బు.

ఇక ప్రైస్ వేరియేషన్. ఫార్ములా ఇదీ: పని విలువ × 0.85 × ఆ భాగపు (స్టీలు, లేబరు లాంటి వాటి) శాతం × (ప్రస్తుత సూచీ − మూల సూచీ) ÷ మూల సూచీ. 0.85 ఎందుకంటే, చాలా ఫారాల్లో 15 శాతం సూచీతో కదలని భాగం. త్రైమాసికంలో 2 కోట్ల పని జరిగి, అందులో స్టీలు వాటా 20 శాతం, సూచీ 120 నుంచి 138కి చేరిందనుకుందాం. 1.70 కోట్లలో 20 శాతం 34 లక్షలు, దాని మీద 15 శాతం అంటే 5.10 లక్షలు. లేబరుకు, సిమెంటుకు, ఇంధనానికి, ఇతర సామగ్రికి విడివిడిగా ఇలాగే కట్టి కూడాలి. సూచీ తగ్గితే అదే లెక్కతో రికవరీ చేయాలి. పెరిగితే ఇచ్చేది, తగ్గితే కోయనిది అయిన క్లాజు ఆడిట్‌లో నిలవదు.

ఫార్ములా ఎక్కించగానే పని అయిపోయిందనుకునే చోటే తప్పులు దొర్లుతాయి. మూల సూచీ ఏ నెలదో ముందు చూడండి. టెండరు దాఖలుకు చివరి తేదీ ఉన్న నెలను తీసుకోవడం సబబు, ఎందుకంటే కాంట్రాక్టర్ రేటు కట్టింది ఆనాటి ధరలతోనే. అగ్రిమెంటు తేదీని మూలంగా రాస్తే, బిడ్ వాలిడిటీ (బిడ్ చెల్లుబాటు గడువు) రెండుసార్లు పొడిగించిన టెండర్లలో ఆ మధ్య నెలల పెరుగుదల గాలిలో కలిసిపోతుంది. ఫిడిక్ (అంతర్జాతీయ ఇంజినీర్ల సమాఖ్య) ఫారాల్లో అయితే ఇది బిడ్ తేదీకి 28 రోజుల ముందు రోజు.

సూచీ సిరీస్ మారడం ఇంకో గొయ్యి. పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ ఆధార సంవత్సరం 2020లో 2001 నుంచి 2016కు మారింది. అఖిల భారత సూచీకి లింకింగ్ ఫ్యాక్టర్ (పాత సిరీస్‌తో పోల్చడానికి కొత్త సూచీని గుణించే అంకె) 2.88. మూల నెలలో పాత సిరీస్ 320, బిల్లు నాటికి కొత్త సిరీస్ 118 ఉంటే, లింకు వేయకుండా కట్టిన లెక్కలో లేబరు 63 శాతం చౌకైనట్టు తేలి భారీ రికవరీ పడుతుంది. 118ని 2.88తో గుణిస్తే 339.84, అంటే నిజానికి 6.2 శాతం పెరుగుదల. ‘సిరీస్ మారితే ప్రచురించిన లింకింగ్ ఫ్యాక్టర్ వాడాలి’ అని ఒక్క వాక్యం రాస్తే ఈ బాధ ఉండదు. టోకు ధరల సూచీ మొదట తాత్కాలికంగా వస్తుంది కాబట్టి, తుది సూచీ వచ్చాక సర్దుబాటు చేస్తామని కూడా రాయండి.

పని విలువలోంచి ఏవి తీసేయాలో కూడా అంతే ముఖ్యం. ఎక్స్‌ట్రా ఐటమ్స్‌కు (అగ్రిమెంటులో లేని అదనపు పనులకు) అప్పటి మార్కెట్ రేటే కట్టి ఉంటే వాటి మీద మళ్లీ వేరియేషన్ ఇవ్వకూడదు, అది రెండుసార్లు చెల్లించడమే. శాఖే సరఫరా చేసిన సామగ్రి విలువ, అడ్వాన్సు ఇచ్చిన మేరకు విలువ తీసేయాలి. 5 శాతం దాటితేనే ఇస్తామని కనీస పరిమితి పెడితే, 7 శాతం పెరిగినప్పుడు ఇచ్చేది 7 శాతమా, పైనున్న 2 శాతమేనా? ఇది రాయకపోతే ప్రతి బిల్లుకూ ఇదే గొడవ.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. పని 9 నెలలు ఆలస్యమైందనుకుందాం. 6 నెలలు శాఖ వల్ల, 3 నెలలు కాంట్రాక్టర్ వల్ల. చివరి మూడు నెలల్లో కోటి రూపాయల పని జరిగింది. స్టీలు భాగం 85 లక్షల్లో 20 శాతం, అంటే 17 లక్షలు. మూల సూచీ 120, అసలు గడువు ముగిసేనాటికి 132, శాఖ వాటా 6 నెలలు కలిపిన తేదీకి 138, పని జరిగేనాటికి 144. అసలు తేదీ దగ్గర సూచీ ఆపితే వచ్చేది 1.70 లక్షలు, సవరించిన తేదీ దగ్గర ఆపితే 2.55 లక్షలు, ఆపకపోతే 3.40 లక్షలు. ఒకే బిల్లుకు మూడు జవాబులు, అదీ ఒక్క స్టీలుకే. న్యాయమైనది మధ్యది. కాంట్రాక్టర్ తప్పు వల్ల మించిన కాలానికి పెరిగిన ధర ఇవ్వకూడదనీ, ఫోర్స్ మెజ్యూర్ వల్లో ప్రభుత్వం వల్లో జరిగిన ఆలస్యానికి తేదీని సవరించి ఇవ్వవచ్చనీ రూల్ 225 కూడా అంటుంది. క్లాజును దాదాపు ఇలా రాసుకోవచ్చు:

‘శాఖ వల్ల గానీ ఫోర్స్ మెజ్యూర్ వల్ల గానీ ఇచ్చిన పొడిగింపును కలిపి పూర్తి తేదీని సవరించాలి. ఆ తేదీ వరకు చేసిన పనికి ఆయా త్రైమాసికపు సూచీ వర్తిస్తుంది. ఆ తేదీ తర్వాత చేసిన పనికి సవరించిన తేదీ నాటి సూచీ, పని జరిగిన నాటి సూచీ, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది వర్తిస్తుంది.’

క్లాజు ఇంత స్పష్టంగా ఉన్నా ఈవోటీ (గడువు పొడిగింపు) ఆర్డరు దాన్ని చెడగొట్టగలదు. ‘ఎల్‌డీ లేకుండా 9 నెలలు పొడిగించడమైనది’ అని ఊరుకునే ఆర్డర్లు చాలా (ఎల్‌డీ అంటే ఆలస్యానికి కాంట్రాక్టర్ నుంచి కోసే పరిహారం). ఆలస్యానికి బాధ్యులెవరో అందులో లేదు కాబట్టి, అకౌంట్స్ సెక్షన్ జాగ్రత్త కోసం అసలు తేదీ దగ్గరే సూచీ ఆపేస్తుంది. ఎన్ని రోజులు ఎవరి ఖాతాలో పడ్డాయో, వాటికి ప్రైస్ వేరియేషన్ వర్తిస్తుందో లేదో ఆర్డరులోనే ఉండాలి. హిండ్రెన్స్ రిజిస్టరులో (పనికి వచ్చిన అడ్డంకులు నమోదు చేసే పుస్తకంలో) రెండు వైపులా సంతకాలు ఎప్పటికప్పుడు పడి ఉంటేనే ఆ రోజుల లెక్క తేలుతుంది.

అందుకే ఏడాది పైబడిన ఏ నిర్మాణ పనికైనా, నిబంధన అనుమతించినంత వరకు, నేను ప్రైస్ వేరియేషన్ వైపే మొగ్గుతాను. కానీ సూచీ ఏ తేదీ దగ్గర ఆగుతుందో రాయని ప్రైస్ వేరియేషన్ కంటే శుభ్రంగా రాసిన ఫిక్స్‌డ్ రేటు నయం. దానిలో కనీసం ఇద్దరికీ తాము దేనికి ఒప్పుకున్నారో తెలుసు.

మధ్యస్థంగా ఇంకో రెండు దారులున్నాయి. సిమెంటు, స్టీలు, తారు వరకే తేడా ఇవ్వడం ఒకటి. రోడ్డు పనులకు బాగానే ఉంటుంది, లేబరు భారం మాత్రం కాంట్రాక్టర్ మీదే పడుతుంది. మొత్తం పెరుగుదలకు సీలింగు పెట్టడం రెండోది. బడ్జెట్‌కు రక్షణే గానీ, సీలింగు తగిలిన రోజు నుంచి అది ఫిక్స్‌డ్ రేటే.

కాంట్రాక్టర్లకు ఒక్క జాగ్రత్త. కాంట్రాక్టు చట్టం 1872లోని సెక్షన్ 55 మూడో పేరా ప్రకారం, అవతలివారి ఆలస్యాన్ని ఒప్పుకుని పని తీసుకునేటప్పుడే పరిహారం కోరతానని నోటీసు ఇవ్వకపోతే తర్వాత అడగడం కష్టం. అందుకని ఈవోటీ దరఖాస్తులోనే, శాఖ వల్ల పోయిన రోజులు ఇన్ని, ఆ కాలానికి పెరిగిన ధర కోరుతున్నాం అని తేదీలతో సహా రాసి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి.