జెనీవాకి ఒక రాత్రి చాలు, లె సాంతియెకి రెండు కావాలి

జెనీవాలో మూడు రాత్రులు బుక్ చేసుకుని, స్విట్జర్లాండ్‌లోనే గడియారాల లోయ అయిన వల్లే ద జూలోని లె సాంతియె ఊరికి ఒక్క రాత్రే మిగుల్చుకున్నాం. అదే మా పొరపాటు.

జెనీవాలో సౌకర్యాలకు లోటు లేదు. హోటల్లో దిగినవాళ్ళకి ఊళ్ళో బస్సులు, ట్రాములు ఉచితంగా ఎక్కే పాస్ ఇస్తారు. గది అద్దెలు చూశాక అది పెద్ద ఊరటే. ప్లాంపాలే పేటలో ఉన్న పటెక్ ఫిలిప్ గడియారాల మ్యూజియానికి ఒక మధ్యాహ్నం పూర్తిగా ఇవ్వండి. ఎనామెల్ బొమ్మలు వేసిన పాత జేబు గడియారాల దగ్గరే నాకు గంట గడిచిపోయింది. అన్నీ అద్భుతమే. కానీ అవి ఎవరి చేతుల్లో, ఎలాంటి ఇళ్ళలో తయారయ్యాయో అక్కడ తెలియలేదు.

అది తెలిసింది లె సాంతియెలో. లొసాన్ నుంచి రైలు అడవుల మీదుగా పైకెక్కి, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న జూ సరస్సు దగ్గరికి చేరుస్తుంది. చలికాలంలో ఆ సరస్సు గడ్డకడుతుంది. మంచు కురిసే నెలల్లో పొలం పని ఉండదు కాబట్టి, రైతు కుటుంబాలు కిటికీ పక్కన కూర్చుని గడియారం భాగాలు చేసేవి. కమ్మరి పని తెలిసిన ఇంట్లో పుట్టిన ఆంత్వాన్ లెకూల్ట్ర్ 1833లో ఇక్కడే వర్క్‌షాప్ పెట్టాడు. 1844లో మిల్లీమీటరులో వెయ్యో వంతును కొలిచే పరికరం తయారుచేశాడు. 1866లో ఆయనా, కొడుకు ఎలీ కలిసి ఇళ్ళలో విడివిడిగా జరిగే పనులన్నిటినీ ఒకే కప్పు కిందికి తెచ్చారు. లోయలో ఆ ఫ్యాక్టరీని ఇప్పటికీ 'పెద్ద ఇల్లు' అంటారు. ఆంత్వాన్ మనవడూ, పారిస్ వాచ్‌మేకర్ ఎడ్మండ్ జేగరూ కలిసి పలుచటి గడియారాలు చేశారు. 1907 నాటి ఒక గడియారం లోపలి మెషీన్ మందం 1.38 మిల్లీమీటర్లే! అలా మొదలైన స్నేహం 1937లో జేగర్-లెకూల్ట్ర్ అనే కంపెనీ పేరైంది.

మనకి దగ్గరి కథ 1931 నాటి వీళ్ళ రివర్సో వాచీది. భారతదేశంలో పోలో ఆడే బ్రిటిష్ అధికారుల వాచీల అద్దాలు ఆటలో పగిలిపోయేవి. దానికి పరిష్కారంగా డయల్ లోపలికి తిరిగిపోయే కేసు పుట్టింది. ఒక్కసారి వేలితో తిప్పి చూస్తే, దాన్ని ఎంత ఆలోచించి చేశారో అర్థమవుతుంది.

ఫ్యాక్టరీ చూడాలంటే చాలా ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. అది దొరక్కపోయినా దిగులొద్దు, అదే ఊళ్ళో ఎస్పాస్ ఓర్లోజే మ్యూజియం ఉంది. నన్నడిగితే ముందు దాన్నే చూడమంటాను. పనివాళ్ళ బల్ల ఛాతీ ఎత్తున ఎందుకుంటుందో, చేతికి వెలుగు ఎటునుంచి రావాలో తెలిశాక మిగతావన్నీ వేరేగా కనిపిస్తాయి.

బస విషయంలో మాత్రం ఇబ్బంది పడ్డాం. మేం దిగిన చోట సాయంత్రానికే రిసెప్షన్ మూసేశారు. తలుపు కోడ్ మెయిల్ రాలేదు. చలిలో అరగంట టెన్షన్ పడ్డాక యజమాని ఫోనెత్తాడు. గది ఎంత బాగున్నా, ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోండి. ఆదివారం దుకాణాలు కూడా మూసి ఉంటాయి, శనివారమే రొట్టె, పెరుగు కొనిపెట్టుకోండి. చలికాలమైతే ఇక్కడి వాషరాన్ మోందోర్ చీజ్ వదలొద్దు.

పొద్దున్నే మా గది కిటికీలోంచి సరస్సు మీది వెలుగు నేరుగా బల్ల మీద పడింది. అక్కడే కూర్చుని నాన్న ఇచ్చిన హెచ్ఎంటీ జనతాకి కీ ఇచ్చాను.