ఓఎస్ మార్చాక సౌండ్ రావట్లేదా? విండోస్ డ్రైవర్, కంపెనీ డ్రైవర్, యూఎస్‌బీ కార్డు: ఏది మేలు?

పాత కంప్యూటర్‌లో విండోస్ 7 తీసేసి 10 వేశాం, అన్నీ పనిచేస్తున్నాయి, సౌండ్ ఒక్కటే లేదు, ఏ డ్రైవర్ వేయాలి? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. డ్రైవర్ అంటే సౌండ్ చిప్‌ను ఓఎస్ (విండోస్, లినక్స్ లాంటిది) చేత పనిచేయించే ప్రోగ్రామ్. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసిపోవడంతో లినక్స్‌కు మారుతున్నవాళ్లూ ఇప్పుడు ఇదే అడుగుతున్నారు. విండోస్‌లో దారులు మూడు: విండోస్‌తోనే వచ్చే ఆడియో డ్రైవర్‌తో సరిపెట్టుకోవడం, తయారీ కంపెనీ ఇచ్చిన పాత డ్రైవర్ ఎక్కించడం, రెండూ వదిలేసి యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టుకోవడం.

ఏ దారి పట్టే ముందైనా సౌండ్ ఎక్కడ ఆగిందో చూడాలి. కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, ఏదైనా పాట నడుస్తుండగా ప్లేబ్యాక్ ట్యాబ్ చూడండి. ఆకుపచ్చ మీటరు మానిటర్ పేరు పక్కన కదులుతుంటే సౌండ్ హెచ్‌డీఎంఐలోకి పోతోందన్నమాట. స్పీకర్స్‌ను డిఫాల్ట్ చేస్తే పని అయిపోయింది, డ్రైవర్‌తో పనే లేదు. స్పీకర్స్ పక్కనే కదులుతున్నా చప్పుడు లేకపోతే లోపం జాక్ దగ్గరో యాంప్లిఫైయర్ దగ్గరో ఉంది. స్పీకర్స్ అన్న పేరే అక్కడ లేకపోతే, అప్పుడు డ్రైవర్ సంగతి చూడాలి.

సౌండ్ చిప్ ఏ కంపెనీదో తెలుసుకోవడానికి బోర్డు విప్పనక్కర్లేదు. డివైస్ మేనేజర్‌లో సౌండ్ డివైస్ ప్రాపర్టీస్, డీటెయిల్స్ ట్యాబ్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్. వెన్ (VEN) అన్న మాట తర్వాతి నాలుగు అక్షరాలు చూడండి. 10ఈసీ (10EC) అయితే రియల్‌టెక్, 14ఎఫ్1 (14F1) కొనెక్సెంట్, 111డీ (111D) ఐడీటీ, 1106 వయా. 10డీఈ (10DE, ఎన్విడియా) గానీ 1002 (ఏఎండీ) గానీ ఉంటే అది గ్రాఫిక్స్ వైపు హెచ్‌డీఎంఐ సౌండ్. దానికి ఎన్ని డ్రైవర్లు మార్చినా స్పీకర్లు పలకవు. అసలు చిప్ జాబితాలోనే కనిపించకపోతే బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరిచే సెట్టింగుల తెర) వెళ్లి ఆన్‌బోర్డ్ ఆడియో డిసేబుల్ అయి ఉందేమో చూడండి.

ఇక అసలు పోటీ. చాలామంది నేరుగా కంపెనీ డ్రైవర్ కోసం వెతుకుతారు. పాత మెషీన్ విషయంలో నా ఓటు మాత్రం ముందు విండోస్ డ్రైవర్‌కే. కారణం క్వాలిటీ కాదు, రేపు ఆ డ్రైవర్‌ను చూసుకునేవాళ్లు ఎవరన్నది. హెచ్‌డీ ఆడియో అనే ప్రమాణం పాటించే చిప్‌లన్నిటికీ కలిపి ఒకే డ్రైవర్ విండోస్ విస్టా నుంచీ సిస్టమ్‌లోనే ఉంది, అప్‌డేట్లతో పాటే నడుస్తోంది. పదేళ్ల కిందటి ల్యాప్‌టాప్‌కు కంపెనీ ఇచ్చిన డ్రైవర్ అనాథ. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు విండోస్ దాన్ని పక్కకు నెట్టి తనకు తోచినది వేసేస్తే, మళ్లీ మొదటికి వస్తారు.

వేసే పద్ధతి ఇది. డివైస్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి, డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా తొలగించు అన్న గడిలో టిక్ తప్పకుండా పెట్టి. ఆ టిక్ మరిచిపోతే రీస్టార్ట్ కాగానే పాడైన పాత డ్రైవరే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. రీస్టార్ట్ అయ్యాక అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, లెట్ మీ పిక్, హై డెఫినిషన్ ఆడియో డివైస్. హెచ్చరిక వస్తే ఎస్ నొక్కి, మరోసారి రీస్టార్ట్ చేయండి.

దీనికీ లోట్లున్నాయి. ఈక్వలైజర్ లాంటి హంగులు ఉండవు. అవి పోతే పోయాయి. ఇబ్బంది పెట్టేవి వేరే రెండు.

ఒకటి డెస్క్‌టాప్ ముందు జాక్. పాత క్యాబినెట్‌లో ముందు ప్యానెల్ వైరు ఏసీ97 (హెచ్‌డీ ఆడియోకు ముందటి పాత ప్రమాణం) రకమైతే, హెడ్‌ఫోన్ పెట్టారన్న సంకేతం బోర్డుకు అందదు. డ్రైవర్ అక్కడ ఏమీ లేదనుకుని ఊరుకుంటుంది. రియల్‌టెక్ కంపెనీ డ్రైవర్‌తో వచ్చే సెట్టింగుల ప్యానెల్‌లో ఫ్రంట్ జాక్ డిటెక్షన్ ఆపే గడి ఉంటుంది, విండోస్ డ్రైవర్‌లో ఉండదు. బయోస్‌లో ఫ్రంట్ ప్యానెల్ టైప్‌ను హెచ్‌డీ నుంచి ఏసీ97కు మారిస్తే చాలాసార్లు ఇక్కడితో తేలిపోతుంది.

రెండోది ల్యాప్‌టాప్ స్పీకర్లు. కొన్ని మోడళ్లలో స్పీకర్ యాంప్లిఫైయర్‌ను ఆన్ చేసే తీగ చిప్‌లోని ఒక జీపీఐఓ పిన్‌కు (తయారీదారు తన అవసరానికి వాడుకునే ఆన్-ఆఫ్ పిన్) కలిపి ఉంటుంది. ఆ పిన్ ఏదో తయారీదారుకు తెలుసు, విండోస్ డ్రైవర్‌కు తెలియదు. మీటరు కదులుతుంది, హెడ్‌ఫోన్ పలుకుతుంది, స్పీకర్లు మాత్రం మౌనం. కంపెనీ డ్రైవర్ నిజంగా అవసరమయ్యేది ఇలాంటి చోటే.

అది కూడా చిప్ కంపెనీ సైట్ నుంచి కాదు, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో సరిగ్గా మీ మోడల్ పేజీ నుంచి తీసుకోండి, ఆ పిన్ వివరాలు ఉండేది దాంట్లోనే. విండోస్ 7 డ్రైవరే దొరికినా 10లో పనిచేసే అవకాశం బాగానే ఉంది. 2015 జూలై 29కి ముందు జారీ అయిన సర్టిఫికెట్లతో సంతకం చేసిన డ్రైవర్లను విండోస్ 10 కొత్త సంతకం నియమం నుంచి మినహాయించింది. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ డ్రైవర్ మాత్రం ఎక్కదు. కంపాటిబిలిటీ మోడ్‌కు కూడా హద్దుంది, అది సెటప్ ప్రోగ్రామ్‌ను నమ్మిస్తుందే తప్ప లోపలి డ్రైవర్‌ను మార్చదు. సెటప్ మొరాయిస్తే ఫైళ్లను విప్పి, ఇందాకటి లెట్ మీ పిక్ తెరలోని హ్యావ్ డిస్క్ ద్వారా ఐఎన్ఎఫ్ (.inf) ఫైలు చూపించండి. ఆటోమేటిక్‌గా డ్రైవర్లు వెతికిపెడతామనే ప్రోగ్రాముల జోలికి వెళ్లకండి.

యూఎస్‌బీ కార్డు డెస్క్‌టాప్‌కు దాదాపు నిశ్చింత, ల్యాప్‌టాప్‌కు సగం పరిష్కారమే, లోపలి స్పీకర్లు ఎలాగూ పలకవు కాబట్టి. కొనేటప్పుడు యూఎస్‌బీ ఆడియో క్లాస్ 1 రకం చూసుకోండి, దాదాపు అన్ని ఓఎస్‌లలో విడిగా డ్రైవర్ వేయకుండానే పనిచేస్తుంది. క్లాస్ 2కు విండోస్‌లో సొంత మద్దతు వచ్చింది 2017లో, 1703 వెర్షన్‌తోనే. మైకు, హెడ్‌ఫోన్ ఒకే పిన్నుతో ఉన్న హెడ్‌సెట్ అయితే రెండు జాక్‌ల కార్డు నేరుగా పనికిరాదు, ఇది కొనేముందే చూసుకోండి. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో మల్టీమీడియా ఆడియో కంట్రోలర్ అని మాత్రమే ఉంటే బహుశా అది ఏసీ97 కాలం బోర్డు. దానికి విండోస్ 10తో పాటు డ్రైవర్ రాదు, తిప్పలు పడకుండా ఈ కార్డు పెట్టేయండి. బ్లూటూత్ స్పీకర్ కూడా దారే, కానీ వీడియోలో మాట, పెదవుల కదలిక కలవకపోవచ్చు.

లినక్స్‌లో డ్రైవర్ వెతుకులాట ఉండదు, అది కెర్నల్‌లోనే (ఓఎస్ లోపలి ముఖ్య భాగం) ఉంటుంది. ఇందాకటి జీపీఐఓ పిన్‌ల సంగతి కూడా చాలా మోడళ్లకు మోడల్‌వారీగా కెర్నల్‌లోనే రాసిపెట్టారు. అయినా చప్పుడు లేకపోతే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ (alsamixer, సౌండ్ స్థాయిలు మార్చే ప్రోగ్రామ్) తెరవండి. ఎఫ్6 నొక్కి కార్డు మార్చండి, చాలాసార్లు మొదటి కార్డుగా హెచ్‌డీఎంఐ కూర్చుని ఉంటుంది. మాస్టర్, స్పీకర్, హెడ్‌ఫోన్ కింద ఎంఎం కనిపిస్తే అది మ్యూట్, ఎం కీ నొక్కితే 00 అవుతుంది. ఆటో మ్యూట్ మోడ్ ఉంటే డిసేబుల్‌కు మార్చి చూడండి, జాక్ పాడైతే హెడ్‌ఫోన్ పెట్టే ఉందని భ్రమపడి స్పీకర్లను ఆపేసేది అదే.

విండోస్‌లోనే ఉండదలచుకున్నవాళ్లకూ లినక్స్ పరీక్షగా పనికొస్తుంది. మింట్ (లినక్స్‌లో ఒక రకం) లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా పాట పెట్టండి. పలికిందంటే చిప్, స్పీకర్లు బాగున్నట్టే, డ్రైవర్ కోసం ఇంకో గంట వెచ్చించవచ్చు. ఆల్సామిక్సర్‌లో అన్నీ సరిచూసుకున్నాక కూడా పలకకపోతే విండోస్ డ్రైవర్లతో కుస్తీ ఆపి, యూఎస్‌బీ కార్డు ఆర్డర్ పెట్టండి.