పొందూరు, బొబ్బిలి, కళింగపట్నం: ఆగి చూడాల్సిన ఊళ్లు

శ్రీకాకుళం వైపు వచ్చేవాళ్లు ఎక్కువమంది అరసవల్లి, శ్రీకూర్మం దర్శనాలు చేసుకుని చీకటి పడేలోపు విశాఖ చేరిపోతారు. ఒకప్పుడు పేరు మోసిన చిన్న ఊళ్లు ఇప్పుడెలా బతుకుతున్నాయో చూడాలని మేం ఈసారి ఆ దారి వదిలేశాం.

సన్నటి ఖాదీకి పేరున్న పొందూరుకి ఒక పూటైనా ఇవ్వాలి. హౌరా-చెన్నై లైన్ మీద స్టేషన్ ఉన్నా చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండు) నుంచి బస్సే సుళువు. ఖాదీ సంఘం దగ్గర అడిగితే నూలు వడికే ఇళ్లకు దారి చెప్పారు. ఒక అరుగు మీద పెద్దావిడ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. ఆ దవడకున్న సన్నటి పళ్ల మధ్య నుంచి లాగుతుంటే నలక రాలిపోయి, పత్తి పోగులు పోగులుగా విడివడుతోంది. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, అవి నలగకుండా అరటి డొప్పలో పెట్టి, రాట్నం మీద వడుకుతారు. నూరో నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం), అంతా చేత్తోనే! కాసేపు చూశాక అడిగితే ఆవిడ ఒక్క మాటే అంది: "ఇంత కష్టపడితే రోజుకి ఏటొస్తాది బాబూ? మా కోడలు రాట్నం ముట్టదు." పంచె ధర వేలల్లో ఉందని కొట్లో బేరమాడేవాళ్లు ముందు ఆ అరుగు మీద కూర్చుని రావాలి.

బొబ్బిలి అంటే అందరికీ 1757 యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తారు. నేనైతే ముందు ఊరి పక్కనున్న గొల్లపల్లికి వెళ్లమంటాను. సర్వసిద్ధి వారి ఇళ్లలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. కచేరీ వీణకు చాలా రోజులు పడుతుంది, కొనేవాళ్లు తక్కువ. రోజూ పొయ్యి వెలిగేది సన్మానాల్లో ఇచ్చే చిన్న వీణల వల్లే. వాటిని బొమ్మలని తేలిగ్గా తీసేసేవాళ్లున్నారు. నాకు మాత్రం గౌరవమే కలిగింది, ఎందుకంటే కుర్రాళ్ల చేతికి ఉలి అలవాటవుతున్నది ఆ పనితోనే. బస మాత్రం అంతంతమాత్రం. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది కానీ దుప్పటి కోసం రెండుసార్లు అడగాల్సి వచ్చింది. రాత్రి తొమ్మిది దాటితే భోజనం దొరకడం కష్టమే.

కళింగపట్నం దారిలో శాలిహుండం కొండ ఎక్కండి. పైన బౌద్ధ స్తూపాల శిథిలాలు, కింద వంశధార. చాలా ప్రశాంతమైన చోటు. నీడ తక్కువ, నీళ్లు వెంట ఉండాలి. కళింగపట్నం ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు లైట్‌హౌస్, చేపల పడవలు, సాయంత్రం షికారుకొచ్చే కుటుంబాలు. బీచ్ బాగుంది, రోడ్డు బాగుంది. ఆడవాళ్లకు పనికొచ్చే మరుగుదొడ్డి మాత్రం మాకు కనిపించలేదు. అది చాలా బాధ కలిగించింది. ఆటో మాట్లాడుకునేటప్పుడే తిరుగు ప్రయాణం, వెయిటింగ్ కలిపి రేటు ఖాయం చేసుకోండి.

రేవు పోయాక ఊరు ఏమవుతుందో కళింగపట్నంలో కనిపిస్తుంది. ఇదే జిల్లాలో సంతబొమ్మాళి మండలం మూలపేట దగ్గర కొత్త పోర్టు, విజయనగరం జిల్లా భోగాపురంలో విమానాశ్రయం తలపెట్టారు. మంచిదే, రావాలి. కానీ భూముల రేట్లు పెరిగినంత మాత్రాన రాట్నం కూలి పెరగదు. ఈ జిల్లాల పిల్లలు విశాఖ, హైదరాబాద్, చెన్నై పోతున్నది ఊరంటే ఇష్టం లేక కాదు, ఉన్న పనికి కూలి గిట్టక. అలవాటైన పనికి సరైన ధర వస్తే పొందూరు, గొల్లపల్లి నిలబడతాయని నా గట్టి నమ్మకం.

శ్రీకాకుళంలో దిగితే పొందూరు, కళింగపట్నం రెండూ అక్కడి నుంచే చూడొచ్చు. బొబ్బిలికి విడిగా ఒక రాత్రి పెట్టుకోండి. చలికాలం మేలు. పంచె అయినా, వీణ అయినా చేసిన ఊళ్లోనే కొనండి. పొందూరుకి పొద్దున్నే వెళ్లండి, మేం చూసిన వీధిలో మధ్యాహ్నానికే రాట్నాలు ఆగిపోయాయి.