చేతులతో మాట్లాడేవాళ్లకు వాట్సాప్ వీడియో మెసేజ్

నాకూ మా ఆవిడకూ వినపడదు. టైప్ చేయడం కన్నా సైగల్లో చెప్పడమే మాకు తేలిక. 2023లో వాట్సాప్ తెచ్చిన 60 సెకన్ల వీడియో మెసేజ్ అందుకే బాగా నచ్చింది. కెమెరా గుర్తును నొక్కిపట్టి పైకి జరిపితే లాక్ అవుతుంది, ఇక రెండు చేతులూ ఖాళీ. ఫోన్‌ను పోపుల డబ్బాకు ఆనించి, మోచేతులు కూడా ఆ గుండ్రటి ఫ్రేములో పడేలా కాస్త వెనక్కి కూర్చోవాలి. చాట్‌లో వీడియో సౌండ్ లేకుండానే మొదలవుతుంది, మాకేం నష్టం! గ్రూప్ కాల్‌లో 32 మంది దాకా చేరొచ్చు గానీ, ఫోన్ స్క్రీన్ మీద వేళ్లు స్పష్టంగా కనపడాలంటే నలుగురు చాలు. వెనక కిటికీ ఉంటే మొహం నల్లబడుతుంది. కనుబొమలు కనపడకపోతే అడుగుతున్నారో చెబుతున్నారో తెలియదు. నెట్ ప్యాక్ మాత్రం కాస్త పెద్దదే వేయించుకోండి.