చలికాలపు వెలుగు కోసం వెళ్తే బస ఎక్కడ?

చలికాలంలో ఫొటోల కోసమే వెళ్లేవాళ్లు గది ఎంత బాగుందో తర్వాత చూసుకోవచ్చు. తెల్లవారకముందే బయటికి రావడానికి వీలుందా లేదా అన్నది ముందు అడగాలి. మంచు కురిసే కొండల్లో రెండు బసలు చూశాక నా అభిప్రాయం ఇదే.

మొదటిది కొండపైన పెద్ద హోటల్. హీటర్, వేడినీళ్లు, పడక అన్నీ బాగున్నాయి. కానీ గేటు తీసేసరికే తూర్పున ఎర్రదనం పోయేది. పక్కనున్న వ్యూపాయింట్‌ను అందరూ మెచ్చుకుంటారు, నాకు మాత్రం నచ్చలేదు. రెయిలింగ్ దాటి కదలలేం, ఫ్రేములో ముందు పెట్టుకోవడానికి రాయి కూడా ఉండదు. ఎంతసేపు నిలబడినా అదే లోయ, అదే ఆకాశం.

సరస్సు ఒడ్డునున్న చిన్న బసలో సౌకర్యాలు తక్కువే, కానీ తలుపు తీస్తే నీళ్లు. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి లేకపోతే తెల్లారేసరికి పొగమంచు పట్టేది, ఎండెక్కితే విడిపోయేది. 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర డిసెంబరు చివర్లో సూర్యుడు మధ్యాహ్నం కూడా సుమారు 22 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. అందుకే పగలంతా ఏటవాలు వెలుగే. మంచు మీద ప్రతి గరుకూ తెలుస్తుంది, నీడలు పొడుగ్గా సాగుతాయి. ఫ్రేము కింది మూలలో మొదలైన నీడ చూపును చెట్టుదాకా తీసుకెళ్తుంది. కెమెరాను మోకాలి ఎత్తుకు దించితే ముందున్న గడ్డిపరకలు పెద్దవై బొమ్మకు లోతు వస్తుంది. పడవ మొన వెనకున్న చెట్టుకు అతుక్కున్నట్టు కనిపిస్తే రెండడుగులు పక్కకు జరగాలి. జూమ్ తిప్పితే ఆ రెండూ విడిపోవు.

కెమెరాలో వెలుగును కొలిచే మీటర్ తెల్లటి మంచును బూడిదరంగు చేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా (అంటే వెలుగు రెట్టింపయ్యేదాకా) పెంచి, తెలుపు మరీ ఎక్కువై వివరాలు పోకుండా హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) కుడి అంచు చూసుకునేదాన్ని. నీడలో మంచు నీలంగా వస్తుంది, అక్కడ పడేది ఆకాశపు వెలుగే కదా. ఆ నీలాన్ని నేను సరిచేయను. పక్కన పసుపు ఎండ ఉంటే చలి కళ్లకు కనిపించేది దానివల్లే.

బసవాళ్లు చేసిన మేలు ఒకటుంది: కెమెరా బ్యాగు పెట్టుకోవడానికి చల్లటి వరండాలో చోటిచ్చారు. చలిలోంచి నేరుగా వెచ్చటి గదిలోకి తెస్తే లెన్స్ మీద చెమ్మ పడుతుంది. బ్యాటరీలు మాత్రం లోపలి జేబులో ఉండాలి, చలికి త్వరగా దిగిపోతాయి.

పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే కొండమీది హోటలే హాయి. కెమెరాతో వెళ్తే సరస్సు ఒడ్డే.