ఖోఖో జట్టుకు వీడియో కాల్ పనికొస్తుందా? లాక్‌డౌన్‌లో గూగుల్ మీట్, వాట్సాప్ వాడాక

వీడియో కాల్ యాప్‌ల గురించి ఆఫీసు మీటింగులు పెట్టుకునేవాళ్లు రాశారు, ఆన్‌లైన్ క్లాసులు చెప్పే టీచర్లు రాశారు. గ్రౌండ్‌లో ఆడే పిల్లల జట్టుకు అవి ఎంతవరకు ఉపయోగమో చెప్పినవాళ్లు నాకు కనపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను. మాది 2020లో ప్రకాశం జిల్లాలో ఉన్న ఉలవపాడు పక్కన ఒక పల్లె. సాయంత్రాలు హైస్కూల్ గ్రౌండ్‌లో ఆడపిల్లలకు ఖోఖో నేర్పిస్తాను. 2020 మార్చి 19న కరోనా వల్ల బడులు మూశారు, 25 నుంచి లాక్‌డౌన్. ఆ నవంబర్ 2న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచేదాకా మా జట్టు చెదిరిపోకుండా ఉందంటే గూగుల్ మీట్, వాట్సాప్ వల్లే. రెండూ ఉచితమే గానీ, ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు. అది ముందే తెలుసుకుంటే చాలా శ్రమ తప్పుతుంది.

ఖోఖో ముట్టుకునే ఆట. ప్రేక్షకులు లేకుండా స్టేడియాలు తెరుచుకోవచ్చని మే 18 నుంచి కేంద్రం అనుమతి ఇచ్చాక షటిల్ ఆడేవాళ్లకు కాస్త దారి దొరికింది. మాకు దొరకలేదు. కూర్చున్న ఛేజర్‌ను (తరిమే జట్టు పిల్లను) వెనక నుంచి తట్టి ఖో చెప్పాలి, పరుగెత్తే రన్నర్‌ను చేత్తో అంటుకోవాలి. ఎడం పాటించి ఖోఖో ఆడటం కుదరదు. పైగా రాష్ట్రంలో మొదటి కరోనా కేసు మా పక్కనే నెల్లూరులో వచ్చింది. దాంతో మా వైపు తల్లిదండ్రులకు టెన్షన్ మొదటి నుంచీ ఎక్కువే. పిల్లను గడప దాటనివ్వమంటే వాళ్లను తప్పుపట్టలేం.

ఇక ఫోన్ల సంగతి. మా పిల్లల్లో ఎవరికీ సొంత ఫోన్ లేదు. ఇంటికి ఒకటే, అదీ నాన్న జేబులో. లాక్‌డౌన్ పెట్టింది సరిగ్గా మామిడి కోతలకు ముందు. ఏప్రిల్, మే నెలల్లో నాన్నలంతా తోటల్లోనే ఉంటారు. వాళ్లు ఇంటికొచ్చి, స్నానం చేసి, ఫోన్ ఛార్జింగ్ పెట్టాక రాత్రి ఏడున్నరకు గానీ ఫోన్ పిల్లల చేతికి రాదు. ఏ యాప్ మంచిదని అడిగే ముందు ఫోన్ ఏ టైముకు దొరుకుతుందో అడగండి. మేము టైము దాన్ని బట్టే పెట్టుకున్నాం.

వాట్సాప్ వీడియో కాల్‌లో మొదట నలుగురికే చోటు ఉండేది, ఏప్రిల్ చివర్లో 8 మందికి పెంచారు. ఖోఖోలో కోర్టులో ఉండేదే 9 మంది, జట్టు మొత్తం 12. ఎవరో ఒకరిని బయట పెట్టి కాల్ మొదలుపెట్టడం నాకు మనసొప్పలేదు. జూమ్‌లో ఉచితంగా అయితే 40 నిమిషాలే. అది చాలు, పిల్లల వ్యాయామానికి అంతకు మించి అక్కర్లేదు. కానీ ఏప్రిల్ 16న కేంద్ర హోం శాఖ ఆ యాప్ అంత సురక్షితం కాదని చెప్పింది. ఆ వార్త టీవీలో చూసిన తల్లులను ఒప్పించడం నా వల్ల కాదు. మే నెలలో గూగుల్ మీట్‌ను మామూలు జీమెయిల్ ఉన్నవాళ్లందరికీ ఉచితంగా ఇచ్చారు. 100 మంది దాకా చేరొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో జీమెయిల్ ఎలాగూ ఉంటుంది, నాన్న ఐడీతోనే లింక్ నొక్కి వచ్చేశారు. అంత తేలిక కాబట్టే అది మా ఊళ్లో నిలబడింది.

మీట్‌లో ఏం చేయగలమో చెబుతాను. వార్మప్, గుంజీళ్లు, తాడాట, ఉన్నచోటే పరుగు బాగా కుదిరాయి. మిద్దె ఉన్నవాళ్లు మిద్దెక్కారు, లేనివాళ్లు వాకిట్లోనే. పక్కపిల్ల ఇంకా ఎగురుతోందంటే తానెందుకు ఆగాలని ఇంకో నిమిషం ఎగిరేవాళ్లు. ఒంటరిగా చేయమంటే ఆ పట్టుదల రాదు.

అసలు ఖోఖో మాత్రం కుదరలేదు. కారణం చిన్నదే గానీ దానికి విరుగుడు లేదు. నేను "ఖో" అంటాను. ఆ మాట ఒక ఇంట్లో వెంటనే వినపడుతుంది, ఇంకో ఇంట్లో అర సెకను ఆగి వినపడుతుంది. ఏ వీడియో కాల్‌లోనైనా ఈ ఆలస్యం ఉంటుంది, పల్లెల్లో సిగ్నల్ వల్ల ఇంకాస్త ఎక్కువ. మాటకు, లేవడానికి మధ్య ఉన్న ఆ అర సెకనే మా ఆటలో గెలుపోటములను తేలుస్తుంది. పిల్ల లేవడం ఆలస్యమా, నెట్ ఆలస్యమా అని నాకెలా తెలుస్తుంది? అందుకే ఖో చెప్పే పని ఇంట్లోవాళ్లకు అప్పగించాను. పిల్ల ముందు కూర్చుంటుంది, అన్నో చెల్లో వెనక నుంచి వచ్చి వీపు తట్టి ఖో అంటారు. ఒక పిల్ల ఇంట్లో నాయనమ్మే ఉంది. "ఏందమ్మా, నేను ఖో అంటే ఇది లేస్తాదా?" అని అడిగింది. "నువ్వు ఎప్పుడంటావో దానికి తెలియకుండా చూడు అవ్వా, అంతే" అన్నాను. ఆ పెద్దామె కావాలనే ఆగి ఆగి, పిల్ల పరధ్యానంలో పడగానే గట్టిగా అరిచేది. మా జట్టులో అందరికన్నా చురుగ్గా లేవడం నేర్చుకుంది ఆ పిల్లే.

ఇది వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నాను. మీట్ కన్నా వాట్సాప్ గొప్పగా పనిచేసింది ఇక్కడే. అప్పట్లో వీడియో 16 ఎంబీ దాటితే పోయేది కాదు కాబట్టి చిన్న చిన్న ముక్కలే పంపేవాళ్లు, నాకూ అదే మేలైంది. వేలితో వెనక్కి ముందుకి జరుపుతూ చూస్తే గ్రౌండ్‌లో ఆ వేగంలో కంటికి దొరకనివన్నీ కనపడతాయి. ఒక పిల్ల లేచేటప్పుడు ముందు మడమ నేలకు ఆనించి, ఆ తర్వాత తోస్తోంది. బరువు మునివేళ్ల మీద ఉండాలి. ఇంకో పిల్ల లేచి ఒక దిక్కుకు అడుగు వేసి, భుజాలు వెనక్కి తిప్పేస్తోంది. ఛేజర్ అలా తిరిగితే ఫౌల్. వీడియోను సరిగ్గా ఆ క్షణం దగ్గర ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, భుజాల మీద ఎర్ర గీత గీసి పంపాను. వంద సార్లు నోటితో చెప్పినా ఎక్కనిది ఒక్క గీతతో ఎక్కింది. కోర్టు చివర ఉండే పోల్ దగ్గర మలుపు వేపచెట్టు చుట్టూ చేయించాను. పోల్ డైవ్ (పోల్ పట్టుకుని దూకి రన్నర్‌ను అంటుకోవడం) మాత్రం వద్దే వద్దన్నాను. సిమెంటు నేల మీద మోకాళ్లు పగులుతాయి.

డేటా సంగతి కూడా చెప్పాలి. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌లో పిల్లల ఆన్‌లైన్ పాఠాలూ పోను మిగిలేది తక్కువ. రోజూ మీట్ అంటే ఇళ్లలో గొడవే. అందుకే ప్రాక్టీస్ అంతా వాట్సాప్ వీడియోల్లో, మీట్ మాత్రం ఆదివారం రాత్రి అని మార్చుకున్నాం.

ఆ ఆదివారం మీట్‌లో వ్యాయామం సగమే, మిగతాదంతా కబుర్లే. ఎవరింట్లో గేదె ఈనిందో, ఎవరి అక్క పెళ్లి వాయిదా పడిందో. మొదట్లో ఆపాలనిపించేది, ఆపలేదు. నాకు ఇవాళ బాగా తెలుస్తున్నది ఏమిటంటే, ఈ వయసు పిల్ల ఆట మానేసేది కాళ్లు బిగుసుకుపోయి కాదు, తోటివాళ్లు దూరమైపోయి. పదో తరగతి ఆడపిల్ల ఒకసారి మానేస్తే ఇంట్లోవాళ్లు మళ్లీ పంపరు. పెళ్లి సంబంధాల మాట మొదలవుతుంది. ఆ ఆదివారం గంట మీద ఖర్చయిన ప్రతి ఎంబీకి విలువ ఉంది.

ఆగస్టు 15 నుంచి అక్టోబర్ 2 దాకా కేంద్రం పెట్టిన ఫిట్ ఇండియా ఫ్రీడం రన్ జరిగింది. ఎవరి ఊళ్లో వాళ్లు, ఎవరి వీలును బట్టి వాళ్లు పరుగెత్తడమే అందులో పద్ధతి. మా పిల్లలు ఎవరు ఎంత పరుగెత్తారో రోజూ గ్రూపులో రాసి, అన్నీ కలిపి జట్టు లెక్కగా కూడుకున్నారు. స్మార్ట్‌ఫోన్ లేని ఒక పిల్ల తమ వీధి చుట్లు లెక్కపెట్టి, నేను ఫోన్ చేసినప్పుడు చెప్పేది. ఆమె లెక్కను గ్రూపులో నేనే రాసేదాన్ని. ఇలాంటి పిల్లలకు ఏ యాప్ కూడా జవాబు కాదు. మామూలు కాల్ చేయాల్సిందే, అదీ మీరే చేయాలి, ఆ పిల్ల చేస్తుందని ఎదురుచూడకూడదు.

ఆడపిల్లల జట్టు నడిపేవాళ్లకు ఒక గట్టి మాట. వ్యాయామం వీడియోలు గ్రూపు దాటి బయటికి పోతాయన్న భయం తల్లులకు ఉంటుంది, అది న్యాయమైన భయం. నేను ప్రతి తల్లినీ గ్రూపులో చేర్చాను. బయటి మగవాళ్లెవరినీ చేర్చలేదు. నాన్న ఫోనే కాబట్టి నాన్నలు ఎలాగూ చూస్తారు. నేను చూసి తప్పు చెప్పగానే పంపినవాళ్లే వీడియో తీసేయాలని నియమం పెట్టాను. మీట్ లింకును స్టేటస్‌లో పెట్టొద్దన్నాను.

నా లెక్కలో జట్టును కలిపి ఉంచడానికి గూగుల్ మీట్‌కు 5కు 4 ఇస్తాను. ఆట నేర్పడానికి 2 మాత్రమే. వాట్సాప్ వీడియోలకు ఆట దిద్దడంలో 4. మీట్‌లో గంట దాటినా కాల్ ఆగని ఉచిత వెసులుబాటు 2021లో ముగిసింది, ఆ తర్వాత గ్రూపు కాల్ 60 నిమిషాలే. మాకు గంట చాలు. 2020 నవంబర్‌లో బడి తెరిచినా ముట్టుకుని ఆడనివ్వలేదు కాబట్టి మా ఆదివారం కాల్, వీడియోలు అప్పుడూ నడిచాయి. కబడ్డీ, వాలీబాల్ జట్లు నడిపేవాళ్లు ఎవరైనా ఇలా చేసి ఉంటే, మీ ఆటలో ఏది కుదిరిందో, ఏది కుదరలేదో కింద రాయండి.