ఫ్యూచర్ షాక్: ఒక్క పాట కోసం ఎల్పీ కొనొచ్చా?

అమెరికా జాజ్ పియానిస్టు హెర్బీ హాన్‌కాక్ 1983లో తెచ్చిన ‘ఫ్యూచర్ షాక్’ ఎల్పీ రికార్డు మొన్న చేతికొచ్చింది. సెకండ్ హ్యాండే. కవరు ఒక మూల నలిగింది. వెనకాల ఎవరో బాల్‌పెన్నుతో పేరు రాసి, మళ్లీ వాళ్లే కొట్టేశారు. రికార్డు మీద మాత్రం పెద్ద గీతల్లేవు. అమ్మినాయన రెండు వేల ఐదొందలన్నాడు, బేరమాడితే రెండు వేలకు దిగాడు. ఇందులో ఆరు పాటలున్నాయి గానీ నేను డబ్బు పెట్టింది మొదటి దానికే. ‘రాకిట్’కి.

ఆ పాట వచ్చేసరికి మేం ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉన్నాం. నాన్నగారు అక్కడ ఆస్పత్రిలో డాక్టరు. బ్రిటన్ చార్టులో అది ఎనిమిదో స్థానం దాకా ఎక్కింది. చార్టుల సంగతి పెద్దాళ్లది, మా వీధి పిల్లలకు కావలసింది దానికి బ్రేక్ డాన్స్ చెయ్యడానికి తగ్గ నేల. ఎవరింట్లోనో వంటగది నుంచి పీకేసిన లినోలియం (నేల మీద పరిచే నున్నటి షీటు) ముక్క తెచ్చి షాపుల ముందు పరిచేవాళ్లు. వీపు ఆన్చి గిర్రున తిరగడమే పని. మా అన్నయ్య తిరిగేవాడు, నేను టేప్‌రికార్డరు మోసేదాన్ని. బ్యాటరీలకు డబ్బులు అడుక్కోవడం కూడా నా డ్యూటీయే.

రేడియోలోంచి పట్టిన క్యాసెట్ అది. నాన్నగారు మొదటిసారి విన్నప్పుడు టేపు నలుగుతోందనుకున్నారు. స్టాప్ నొక్కి, మూత తీసి, దూదికి స్పిరిట్ అద్ది, ఇంజెక్షన్‌కు ముందు చెయ్యి తుడిచినంత శ్రద్ధగా హెడ్డు తుడిచారు. మళ్లీ ప్లే నొక్కారు. మళ్లీ అదే గరగర. “రోగం టేపుకి కాదురా, పాటకే!” అని అన్నయ్య చేతిలో పెట్టేసి వెళ్లిపోయారు.

ఆ గరగరే ఈ రికార్డుకి ప్రాణం. అది న్యూయార్కు డీజే గ్రాండ్‌మిక్సర్ డీ.ఎస్.టీ. చేతిపని. న్యూయార్కు హిప్‌హాప్ కళాకారుడు ఫ్యాబ్ ఫైవ్ ఫ్రెడ్డీ 1982లో చేసిన ‘ఛేంజ్ ద బీట్’ అనే రికార్డు చివర, వోకోడర్‌లోంచి (మనిషి గొంతుని మరగొంతులా మార్చే పరికరం అది) వచ్చిన గొంతు ఒకటి ‘ఫ్రెష్’ అంటుంది. డీ.ఎస్.టీ. పట్టుకున్నది ఆ ముక్కని. రికార్డు మీద వేళ్లు ఆన్చి ఆ మాటని వెనక్కి లాగుతాడు, ముందుకి తోస్తాడు, రెండో చేత్తో మిక్సర్ మీద శబ్దాన్ని తెరుస్తూ మూస్తూ ఉంటాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మాట పూర్తిగా బయటికి రాదు. మొదటి హల్లు దగ్గరే నలిపేస్తాడు, ఒక్కోసారి సగం వదులుతాడు, ఊపిరి తీసేంత ఖాళీ ఇచ్చి మళ్లీ అందుకుంటాడు. ఆ ఖాళీలు లెక్క తప్పవు. చిన్నప్పుడు నాకిది అల్లరిగా వినిపించేది. ఇప్పుడు తాళజ్ఞానం వినిపిస్తోంది. గ్రామఫోన్ కూడా వాయిద్యమేనని ప్రపంచంలో చాలామందికి తెలిసింది ఈ పాటతోనే.

దీన్ని కట్టింది బిల్ లాస్వెల్, మైఖేల్ బీన్‌హార్న్. మెటీరియల్ అనే బృందం వాళ్లది. న్యూయార్కు బ్రూక్లిన్‌లోని గొవానస్ అనే పేటలో, మార్టిన్ బీసీ స్టూడియోలో ట్రాక్ తయారు చేసుకుని, టేపు తీసుకెళ్లి హాన్‌కాక్ చేత కీబోర్డులు వాయింపించారు. దరువు ఓబర్‌హైమ్ డీఎంఎక్స్ అనే డ్రమ్ మెషీన్‌ది. కాని దాని కింద ఇంకోటుంది, ఫోన్ స్పీకర్లో వినపడదు. డేనియల్ పోన్సే అనే క్యూబా ఆయన వాయించిన బటా డ్రమ్స్. రెండు వైపులా తోలు బిగించిన వాద్యం. మెషీన్ ఎక్కడా తొణకదు, ఆ తోలు మీద చేతులు మాత్రం కొంచెం అటూ ఇటూ కదులుతుంటాయి. ఎల్పీ కొన్న డబ్బులు నాకు అక్కడ గిట్టాయి.

ఇక హాన్‌కాక్. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు. 1960లలో జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ పక్కన పియానో వాయించిన మనిషి. అంత విద్య ఉన్నవాడు ఇలాంటి చోట పదివేళ్లూ చూపించుకోవాలనుకుంటాడు. ఈయన వీధి పిల్లలు ఈల వేయగలిగే వరస ఒకటి వాయించి, మిగతా జాగా కుర్రాళ్లకు వదిలేశాడు. జాజ్ వాళ్లు కొందరికి ఇది నచ్చలేదు. నచ్చకపోతే పోయె. గ్రామీ అయితే 1984లో వచ్చింది, ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) వాద్య సంగీతం కింద.

వీడియో గురించి చెప్పకపోతే అన్నయ్య ఊరుకోడు. గాడ్లీ అండ్ క్రీమ్ అనే జంట తీశారు, మరబొమ్మలు జిమ్ విటింగ్ అనే కళాకారుడివి. ఇంట్లో మనుషులుండరు, మరబొమ్మలే సంసారం చేస్తుంటాయి. ప్యాంట్లు తొడిగిన ఒట్టి కాళ్లు గాల్లో తన్నుతుంటాయి. నాకు రాత్రిళ్లు భయమేసేది. హాన్‌కాక్ ఆ ఇంట్లో టీవీ తెర మీద మాత్రమే కనిపిస్తాడు. అమెరికా పాటల ఛానెల్ ఎమ్‌టీవీలో నల్లవాళ్ల పాటలు రావడమే కష్టంగా ఉన్న రోజులవి. అదే ఎమ్‌టీవీ 1984లో మొదటిసారి ఇచ్చిన వీడియో అవార్డుల్లో ఐదు దీనికే పోయాయి.

మిగతా ఐదు పాటల మాట. రెండోదైన ‘ఫ్యూచర్ షాక్’ అసలు అమెరికా సోల్ గాయకుడు కర్టిస్ మేఫీల్డ్ పాట. పట్టుగానే ఉంటుంది గానీ ఎనిమిది నిమిషాలు అక్కర్లేదు. ‘టీఎఫ్ఎస్’ పర్లేదు. రెండో వైపు తిప్పితే ‘ఎర్త్ బీట్’ నాకు ఎక్కలేదు. ‘ఆటోడ్రైవ్’ బాగుంటుంది, ముఖ్యంగా హాన్‌కాక్ అక్కడ పియానో ముట్టుకున్నప్పుడు, ఓహో ఈయన ఇంకా ఇక్కడే ఉన్నాడని తెలుస్తుంది. ‘రఫ్’ దగ్గర నేను లేచి టీ పెట్టుకున్నాను.

వైజాగ్ వచ్చేశాక క్యాసెట్ మాతోపాటే వచ్చింది. 1987లో చిరంజీవి తెర మీద బ్రేక్ డాన్స్ చేశాక మా కాలనీలో అన్నయ్యకు గిరాకీ పెరిగింది. వినాయక చవితి పందిట్లో ‘రాకిట్’ పెడితే కుర్రాళ్లు చేతులు విరిచి రోబోలైపోయేవాళ్లు. పందిరి కమిటీ పెద్దాయన వచ్చి, “అమ్మాయ్, రికార్డు గీసుకుపోయినట్టుందే” అనేవారు. అది క్యాసెట్టండీ అని చెప్పి నవ్వు ఆపుకునేదాన్ని.

నా కాపీలో పాట మొదట్లో కాస్త చిటపటలున్నాయి. దరువు మొదలయ్యాక వినపడవు. బేస్ మాత్రం స్ట్రీమింగ్‌లో కన్నా ఇందులో ఒళ్లు చేసింది. మొత్తం ఆల్బమ్‌కి ఐదుకి మూడున్నర ఇస్తాను, ‘రాకిట్’కి విడిగా ఐదుకి ఐదు. మీక్కూడా ఆ ఒక్క పాటే కావాలంటే ఎల్పీ వెంట పడకండి. 12 అంగుళాల సింగిల్ వెతకండి. దాని మీద ఒక వైపంతా ఆ ఒక్క పాటకే ఉంటుంది, సూది నడిచే గాడులు వెడల్పుగా పడతాయి, శబ్దం గట్టిగా వస్తుంది. కవరు నలిగిందని చెప్పి మరో ఐదొందలు తగ్గించమనండి, తగ్గిస్తారు.